స్థానభ్రంశంలో ఆ ‘భ్రంశం’ ఏమిటి?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. ‘అమ్మా, మతిభ్రంశం అంటే మతి పోవడం కదా, మరి స్థానభ్రంశం అంటే చోటు పోవడమా?’ అని అడిగింది. ఏం చెప్పాలండి?

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగిందండి. భ్రంశం అంటే జారడం, పడిపోవడం. అందుకే ఆ మాట వినగానే ఏదో పోయినట్టు అనిపిస్తుంది. భౌతికశాస్త్రంలో మాత్రం పోయేదేమీ లేదు, ఉన్న చోటు మారిందంతే. ఎక్కడ బయల్దేరాం, ఎక్కడ ఆగాం, ఆ రెండు చోట్ల మధ్య తిన్నగా గీత గీస్తే పొడవెంత, అది ఏ దిక్కుకి? ఇంతే స్థానభ్రంశం. నడిచిన దారి మొత్తం పొడవేమో దూరం.

మా సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే వశిష్ఠ గోదావరి పాయ దాటి అవతల నరసాపురంలో దిగుతాం. పంటు లేని రోజున దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు చుట్టి అదే రేవుకి చేరాలి. రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగినా స్థానభ్రంశం పంటు మీద వెళ్లినప్పటిదే. నీటి లాగుడుకి పంటు కాస్త వంకరగా వెళ్లినా అంతే. సాయంత్రం ఇంటికొచ్చేస్తే సున్నా. ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అంటాం చూడండి, గానుగెద్దు సంగతీ అదే. రోజంతా నడుస్తుంది, స్థానభ్రంశం లేదు.

లెక్క కావాలంటే ఇలా చెప్పండి. పాప కాలవగట్టున తూర్పుకి 300 మీటర్లు నడిచి, అక్కణ్నుంచి పుంతలో, అంటే చేల మధ్య బాటలో, ఉత్తరానికి 400 మీటర్లు వెళ్లి బడికి చేరింది. దూరం 700. మూల దగ్గర లంబకోణం ఉంది కాబట్టి పైథాగరస్ సూత్రం వాడొచ్చు: 300 వర్గం 90,000, 400 వర్గం 1,60,000, కలిపితే 2,50,000. దాని వర్గమూలం 500 మీటర్లు. పాప స్థానభ్రంశం పొడవు అదే, చేలకి అడ్డంపడి తిన్నగా వెళ్లే దారంత.

నాకైతే ‘స్థానాంతరం’ అన్నా బాగుండేదనిపిస్తుంది. కానీ పరీక్షలో స్థానభ్రంశమే రాయాలి, కాబట్టి ఆ మాటంటే భయం పోగొడితే చాలు.

ఇంకొకరు: మన ‘కూతవేటు దూరం’ స్థానభ్రంశమే కదండీ? కూతకి కాలవ మలుపులతో పనేముంది!

జవాబు: ఎంత బాగా పట్టుకున్నారండీ! పొడవు వరకూ అదే. కూతవేటులో దిక్కు మాత్రం లేదు. స్థానభ్రంశం సదిశ రాశి, అంటే పొడవుతో పాటు దిక్కు కూడా తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు: పాప చేత లెక్క చేయించానండి. 500 మీటర్లు అని రాసి ఊరుకుంది.

జవాబు: ‘తూర్పు నుంచి ఉత్తరం వైపు సుమారు 53 డిగ్రీలు’ అని పక్కన రాయించండి. ముందు ఇంటి గుమ్మంలో నిలబెట్టి, బడి ఎటువైపో వేలితో చూపించమనండి.