రొయ్యల చెరువు చప్పుళ్లతో సంగీతం కట్టాలి: తాళంలో కూర్చోబెట్టాలా, వద్దా?

చెరువుగట్టు, ఇందుకూరుపేట మండలం

అందరికీ నమస్కారం. మాది మైపాడు దగ్గర పల్లె. ఇంట్లో అందరికీ రొయ్యల సాగే ఆధారం, రాత్రి కాపలా నా వంతు. చీకటి పడితే నీటిలోని నాచు కూడా రొయ్యలతో పోటీపడి ప్రాణవాయువును వాడేస్తుంది. తెల్లవారుజాముకు అది బాగా అడుగంటుతుంది. అందుకని నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగకూడదు, నేను నిద్రపోకూడదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ కూర్చుందామంటే ఏ మోటారు ఆగినా తెలియదు. చెవులు ఖాళీగా ఉంచుకోక తప్పని ఉద్యోగం ఇది. అలా చెరువు చప్పుళ్లనే వినడం అలవాటైంది, ఆ తర్వాత ఫోనులో రికార్డు చేయడం.

ఏరేటర్ రెక్కలు నీటిని కొట్టే చప్పుడు చాలా ఉంది. పక్షులు వాలకుండా చెరువు మీద అడ్డంగా కట్టిన నైలాన్ తీగలు గాలికి సన్నగా కూస్తాయి, అది ఉంది. మేత సంచి కుట్టు దారం ఒక్క లాగుతో విప్పిన చప్పుడు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకెత్తితే కారే నీళ్లు, జనరేటర్ మొరాయించి మొరాయించి అందుకోవడం, ఇవి కొన్ని. ఒక రాత్రి కరెంటు పోయిన క్షణం కూడా దొరికింది.

ఇవన్నీ పాత ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత శబ్ద ఎడిటరులోకి ఎక్కించాను. ఏడెనిమిది నిమిషాల రచన ఒకటి కట్టాలని కోరిక. వెనక వయొలిన్లు, కీబోర్డు అక్కర్లేదు, చప్పుళ్లే ఉండాలి. చిక్కు ఎక్కడంటే, ఏరేటర్ చప్పుడును దెబ్బకు దెబ్బ విడగొట్టి నిమిషానికి 96 దెబ్బల లెక్కలో అమర్చాను. లెక్క కుదిరింది, ప్రాణం పోయింది. నెల్లూరులో రికార్డింగ్ పని చేసే ఒకాయనకు వినిపిస్తే దాని కింద డ్రమ్ముల లూపు ఒకటి పరిచి, ఇప్పుడు బాగుంది కదా అన్నాడు. బాగున్న మాట నిజమే. అందులో మా చెరువు మాత్రం లేదు.

చప్పుడును తాళంలో ఇరికించకుండా సంగీతం చేయడం అవుతుందా? అవుతుందంటే దేన్ని ఆధారం చేసుకుని కట్టాలి? డబ్బు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా?


కత్తెర, ఒంగోలు

తమ్ముడూ, ఆఖరి ప్రశ్న ముందు తేల్చేస్తాను: కొనవద్దు. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికేదాన్ని. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్ నా దగ్గర ఉంది, అయినా నువ్వు చెప్పిన పనికి ఆడాసిటీ చాలు. ట్రాకులు పేర్చడం, ఎన్వలప్‌తో శబ్దం పెంచడం, తగ్గించడం, వేగం మార్చడం, వెనక్కి తిప్పడం, పాల్‌స్ట్రెచ్‌తో ఒక్క సెకను చప్పుడును నిమిషం పొడవునా సాగదీయడం, అన్నీ అందులో ఉన్నాయి. చేతిలో డబ్బుంటే మైకుకు గాలిని ఆపే బొచ్చు తొడుగు కొను. సముద్రం పక్కన అది లేని రికార్డింగు బుడబుడలు తప్ప మరేమీ కాదు.

ఫోనుతో జాగ్రత్త. దానితో పాటు వచ్చే రికార్డరు మనిషి మాట కోసం తయారైంది. ఒకే తీరుగా సాగే చప్పుడు వినిపిస్తే అది అక్కర్లేనిదని తగ్గించేస్తుంది. ఏరేటర్ దాని దృష్టిలో చెత్త, నీకేమో అదే సరుకు. పైగా చుట్టూ నిశ్శబ్దమైతే తనంతట తానే శబ్దం పెంచుతుంది, గట్టిగా వినిపిస్తే తగ్గిస్తుంది. ఈ రెండు పనులనూ ఆపగలిగే యాప్ వెతుక్కో. వేవ్ ఫైలుగా, 48000 హెర్ట్జ్‌లో, వీలైతే 24 బిట్లలో రికార్డు చెయ్యి.

ఇక అసలు సంగతి. ఏరేటర్‌ను కోయవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారు నిమిషానికి 1500 చుట్లు తిరగాలి, కానీ బరువు మీద పడ్డాక సుమారు 1440 దగ్గర తిరుగుతుంది. ఆ వెనకబాటు ఏ రెండు మోటార్లకూ ఒకేలా ఉండదు. ఒకదాని బేరింగు పాతది, ఇంకొకదాని రెక్కలు నీటిలో కాస్త లోతుగా మునిగి ఉంటాయి. గేర్‌బాక్సు దాటాక ఒకటి నిమిషానికి 96 చుట్లు, పక్కది 97 చుట్లు తిరుగుతుందనుకో. రెండూ నెమ్మదిగా ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లి సరిగ్గా నిమిషానికి మళ్లీ మొదటి చోట కలుస్తాయి. ఈ మధ్యలో పుట్టే నడకలు ఎవరు కూర్చున్నా రాసేవి కావు. నువ్వు రెండింటినీ 96కు బిగించి ఆ తేడాను చంపేశావు, అంతే జరిగింది.

ఒక్కో ఏరేటర్ దగ్గర నిలబడి విడివిడిగా రికార్డు చెయ్యి. ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి పెట్టి ముట్టుకోకుండా వదిలేయి. ఏది ఎప్పుడు లోపలికి రావాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్నంతవరకే నీ పెత్తనం.


శ్రుతిపెట్టె, నెల్లూరు

బాబూ, నేను మూలాపేటలో పిల్లలకు గాత్రం నేర్పిస్తాను. మా మనవడు ఈ ప్రశ్న చూపించాడు. తాళం లేనిదే సంగీతం కాదని నీకు ఎవరు చెప్పారు? రాగాలాపనకు తాళం ఎక్కడుంది? తానానికి లయ ఉంది గానీ తాళం లేదు. శ్రుతి లేకుండా మాత్రం రెండూ లేవు. నువ్వు తాళం గురించి బెంగపడి శ్రుతి సంగతి మరిచావు.

మీ గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉండే ఉంటుంది. దాని గుంయ్‌కారం రికార్డు చేశావా? మా సందు చివర ఉన్నదాన్ని మనవడి ఫోనులో ట్యూనర్ పెట్టి చూశాను. కరెంటు 50 అయినా ట్రాన్స్‌ఫార్మర్ పలికేది దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్. అంటే ఐదు శ్రుతికి పిసరంత పైన. దాని మీద 200, 300, 400, 500 కూడా సన్నగా పలుకుతాయి. 100 షడ్జమం అయితే 200, 400 పై షడ్జమాలు, 300 పంచమం, 500 అంతర గాంధారం. బాగా శ్రుతి చేసిన తంబూరలో ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారం అదే. మీ ఊరి కరెంటు రాత్రంతా తంబూర వేస్తోంది, నువ్వు డ్రమ్ముల గురించి వాపోతున్నావు.

ఆ షడ్జమాన్ని కింద పరుచు. నైలాన్ తీగల కూతను దానికి కలుపు. వేగం 5.95 శాతం పెంచితే చప్పుడు ఒక స్వరస్థానం పైకి పోతుంది, రెట్టింపు చేస్తే ఒక స్థాయి పైకి. తీగ పంచమం మీదకు వచ్చేదాకా సవరించు.

ఇంత చెప్పానని ఇది సంగీతమేనని ఒప్పుకున్నట్టు కాదు.


పలక, మార్కాపురం

గురువు గారు ఒప్పుకోకపోయినా ఈ దారి కొత్తది కాదు. హాలిమ్ ఎల్-డబ్ అనే ఆయన 1944లో కైరోలో తీగ మీద రికార్డు చేసే యంత్రంతో దయ్యం వదిలించే తంతు ఒకదాన్ని పట్టుకుని, ఆ రికార్డింగునే మలిచి రచన చేశాడు. 1948లో పారిస్‌లో ఫ్రెంచి రేడియోకు చెందిన పియెర్ షేఫర్ బాటిన్యోల్ స్టేషన్‌లో రైలింజన్లను రికార్డు చేసి చప్పుళ్ల రచనలు కట్టాడు, అవి ఆ ఏడాది అక్టోబరు 5న ప్రసారమయ్యాయి. టేపు కూడా కాదు, గ్రామఫోన్ ప్లేట్ల మీద చేశాడు. 1965లో అమెరికాలో స్టీవ్ రైష్ ఒకే మాట ఉన్న రెండు టేపులు మెల్లగా ఒకదాన్నొకటి దాటిపోతుంటే విని ఆ జారుడునే రచనగా మార్చాడు. ఒంగోలు అక్క చెప్పిన ఏరేటర్ల సంగతి అదే. మన దేశం కూడా వెనకపడలేదు: 1969లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు కరెంటుతో స్వరాలు పుట్టించే మూగ్ సింథసైజర్ తెప్పించి ఎలక్ట్రానిక్ సంగీతశాల పెట్టారు.

షేఫర్ చేసిన ఒక పరీక్ష చెరువుగట్టుకు పనికొస్తుంది. గంట కొట్టిన రికార్డింగులో మొదటి దెబ్బను తీసేసి తర్వాతి మోతను మాత్రమే వినిపిస్తే అది గంట అని చెవి గుర్తుపట్టదు, ఏదో ఊదే వాద్యం అనుకుంటుంది. వస్తువు పేరు దాని మొదటి దెబ్బలోనే ఉంటుందన్నమాట. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను, మా ఊరి పలక మీద బలపంతో గీసిన చప్పుడుకూ ఇలాగే మొదలు కోసి పిల్లలకు వినిపించాను. ఎవరూ పోల్చుకోలేదు, ఒకడు మాత్రం రంపం అన్నాడు. కోసిన చోట టిక్కుమనకుండా అయిదు మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వడం మరిచిపోవద్దు.

నైలాన్ తీగ గురించి ఒక మాట. ఆ కూత తీగ బిగువు వల్ల వచ్చేది కాదు. గాలి తీగను దాటేటప్పుడు పైనా కిందా వంతులవారీగా సుడులు విడుస్తుంది, వాటి లెక్కే ఆ స్వరం. మిల్లీమీటరు మందం తీగ మీద సెకనుకు 5 మీటర్ల గాలి వీస్తే సుమారు 1000 హెర్ట్జ్ వస్తుంది. గాలి పెరిగితే స్వరం పెరుగుతుంది. కాబట్టి దాన్ని గురువు గారి పంచమం మీద మేకు కొట్టినట్టు నిలబెట్టలేరు. గమకంలా ఊగనివ్వండి.


ఉప్పుగాలి, కొత్తపట్నం

అందరూ నీటి పైన చప్పుడే చెబుతున్నారు. అన్నా, రొయ్య మేత కొరికేటప్పుడు దాని దవడలు టిక్కుమంటాయి. ఆ టిక్కులను నీటి మైకుతో విని మేత ఎంత వదలాలో తేల్చుకునే యంత్రాలు కూడా ఉన్నాయి. మేత వేసేటప్పుడు ఏరేటర్లు ఎలాగూ ఆపుతావు, ఆ సమయంలో చెక్ ట్రే పక్కన మైకు వదులు.

మైకు కొనక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే 27 మిల్లీమీటర్ల పిజో బిళ్లకు (అదురును కరెంటుగా మార్చేది) షీల్డు వైరు అతికించి, నీరు పోకుండా ఎపాక్సీ పూస్తే చాలు. దాన్ని నేరుగా ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే లోతైన స్వరాలన్నీ పోయి రేకు డబ్బా మోత వస్తుంది, ఎందుకంటే పిజోకు ఎక్కువ ఇంపిడెన్సు, అంటే కరెంటుకు ఎక్కువ అడ్డు ఉన్న ఇన్‌పుట్ కావాలి. గిటారు పెట్టుకునే ఇన్‌పుట్, అంటే ఒక మెగాఓమ్ ఉన్నది, స్నేహితుల దగ్గర ఎవరికైనా ఉంటే అడిగి తెచ్చుకో. ఇదే బిళ్లను పక్షుల తీగ కట్టిన కర్రకు నొక్కిపెట్టినా పనిచేస్తుంది, అప్పుడు గాలి హోరు తగలదు.

మోటారు కేబుళ్లు ఉన్న చెరువు అది. మైకు నీటిలో ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడుపు. నువ్వు గట్టు మీదే ఉండు.


చెరువుగట్టు, ఇందుకూరుపేట మండలం

అక్కా, రెండు ఏరేటర్లను ఎడమా కుడీ పెట్టి విన్నాను. ఇన్నేళ్లూ గట్టు మీద వింటున్నది ఇదేనని ఇప్పుడు తెలిసింది. కలిసినప్పుడు ఒకే పెద్ద చక్రం తిరిగినట్టుంది, విడిపోయేటప్పుడు ఎవరో పరుగెత్తుతున్నట్టుంది. ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌కారం కింద పరిచాను. గురువు గారూ, గాంధారం వినిపిస్తోంది, నాకు సంగీతం రాదు గానీ మీరు చెప్పాక చెవి దాని మీదకే పోతోంది. రొయ్యల టిక్కులు మాత్రం ఇంకా పట్టలేదు, పిజో బిళ్ల నెల్లూరు వెళ్లినప్పుడు తేవాలి.

ముగింపు గురించి ఒక ఆలోచన. కరెంటు పోయిన రికార్డింగు ఉందన్నాను కదా. గుంయ్‌కారం టక్కున తెగిపోతుంది, రెక్కలు రెండు మూడు సెకన్లలో నీటిలో నిలిచిపోతాయి, తర్వాత కప్పలు. అక్కడ ముగిద్దామనుకుంటున్నాను.


కత్తెర, ఒంగోలు

వద్దు. కరెంటు పోవడంతో ముగుస్తుందని వినేవాళ్లు సగంలోనే పసిగడతారు. దాన్ని నాలుగో నిమిషంలో పెట్టు, ఆ తర్వాత ఏం చేస్తావో చూద్దాం. కప్పలతో ముగిసే సినిమాలు నేను చాలా చూశాను.


చెరువుగట్టు, ఇందుకూరుపేట మండలం

ఆ తర్వాత జనరేటరే ఉంది అక్కా. అది అందుకున్నాక మళ్లీ అవే ఏరేటర్లు. చెప్పిందే చెప్పినట్టవుతుందని భయం.


పలక, మార్కాపురం

అవే కావు. జనరేటర్ కరెంటు ఖచ్చితంగా 50 ఉండదు. వేగాన్ని అదుపు చేసే మామూలు గవర్నరు ఉన్న డీజిల్ జనరేటర్ బరువు లేనప్పుడు 52 దగ్గర తిరుగుతుంది, బరువు పెరిగేకొద్దీ 50 వైపు దిగుతుంది. మోటార్ల గుంయ్‌కారమూ, రెక్కల వేగమూ రెండూ దాన్ని బట్టే మారతాయి. ఆడాసిటీలో ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో గీసి చూపే ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, కరెంటు పోకముందు, జనరేటర్ వచ్చాక అని రెండు చోట్లా చూడండి.


శ్రుతిపెట్టె, నెల్లూరు

52 అంటే అర స్వరస్థానం కన్నా ఎక్కువే పైకి పోయినట్టు. బాబూ, అన్ని ఏరేటర్లూ ఒకేసారి వేస్తావా, ఒక్కొక్కటే వేస్తావా?


చెరువుగట్టు, ఇందుకూరుపేట మండలం

ఒక్కొక్కటే గురువు గారూ. అన్నీ ఒకేసారి వేస్తే జనరేటర్ తట్టుకోలేదు. చెరువు చుట్టూ నడుస్తూ ఒక్కో స్టార్టరూ నొక్కుకుంటూ పోతాను.

ఇప్పుడే స్పెక్ట్రమ్ చూశాను. కరెంటు పోకముందు 100 దగ్గర ఉన్న గీత జనరేటర్ వచ్చాక 104కు కాస్త కింద ఉంది. ప్రతి మోటారుకూ కొంచెం కొంచెం దిగుతోంది.


శ్రుతిపెట్టె, నెల్లూరు

ఇంకేం కావాలి నీకు? షడ్జమం పైకి తప్పిపోయి, ఒక్కో చక్రం చేరేకొద్దీ మెట్టు మెట్టుగా పాత చోటికి దిగుతోంది. ఆ దిగుడు అంతా ఉంచు. మెట్టుకూ మెట్టుకూ మధ్య నువ్వు నడిచిన సమయాన్ని కుదించవద్దు, తొందరపడితే చెవికి తేడా అందదు. కింద వేసిన ట్రాన్స్‌ఫార్మర్ ట్రాకును మాత్రం కరెంటు పోయిన చోటే ఆపేయి. లేకపోతే రెండు షడ్జమాలు కొట్టుకుంటాయి.


కత్తెర, ఒంగోలు

కొట్టుకోనివ్వండి గురువు గారూ, ఆఖరి మెట్టు దగ్గర కాసేపు. 100కు దగ్గరగా వచ్చాక ఆ రెండూ కలిసి ఊగుతాయి, ఊపు నెమ్మదిస్తూ పోతుంది.

తమ్ముడూ, రెండు రకాలుగానూ చేసి పంపు. వేవ్ ఫైళ్లే పంపు, ఎంపీ3 వద్దు. ఫోను స్పీకరులో 100 హెర్ట్జ్ వినిపించదు, కాబట్టి ఇక్కడ వినేవాళ్లంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. నువ్వు మాత్రం పగటిపూట విను.