శాన్‌హొజేలో ఆ ఖాళీ మెట్టు ఎక్కినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గుంటూరుమిర్చి:
శాన్‌హొజే స్టేట్‌లో ఎంఎస్ చేసిన రెండేళ్లూ ఆ విగ్రహాల పక్కనుంచే తిరిగాను. ఇరవై అడుగుల పైనే ఎత్తు. టామీ స్మిత్, జాన్ కార్లోస్ అనే నల్లజాతి రన్నర్లవి, ఇద్దరూ అక్కడ చదివినవాళ్లే. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పతకాలు తీసుకుని, జాతీయగీతం వస్తుంటే జాతి వివక్షకు నిరసనగా నల్ల గ్లవ్ తొడిగిన పిడికిళ్లు ఎత్తారు. టీమ్‌లోంచి తీసేసి ఇంటికి పంపేశారు. విగ్రహాల్లో వాళ్లు పతకాల మెట్ల మీదే ఉంటారు. కాళ్లకు బూట్లు ఉండవు, ఉత్త సాక్సులే. నల్లజాతి వాళ్ల పేదరికానికి గుర్తట. రెండో స్థానం మెట్టు మాత్రం ఖాళీ. విగ్రహాన్ని ఎవరో ఎత్తుకుపోయారేమో అనుకున్నాను (నవ్వకండి).

యర్రారివర్:
అన్నా, ఆ మెట్టు మా మెల్‌బోర్న్ ఆయనది. పీటర్ నార్మన్, తెల్లాయన. వాళ్లకు మద్దతుగా మానవ హక్కుల బ్యాడ్జీ పెట్టుకుని నిలబడ్డాడు. కార్లోస్ గ్లవ్స్ మర్చిపోయి వస్తే, ఉన్న జత చెరొకటి వేసుకోమన్నది ఈయనే. అందుకే ఒకరిది కుడిచెయ్యి, ఇంకొకరిది ఎడమచెయ్యి. తన విగ్రహం వద్దని, వచ్చినవాళ్లు నిలబడేలా ఖాళీగా ఉంచమని ఆయనే అడిగాడు. 2006లో పోతే ఆ ఇద్దరూ వచ్చి పాడె మోశారు. ఆయన పరుగు 20.06 సెకన్లు ఆస్ట్రేలియా రికార్డుగా 56 ఏళ్లు నిలిచింది. 2024 డిసెంబర్‌లో దాన్ని కొట్టింది పదహారేళ్ల గౌట్ గౌట్, దక్షిణ సూడాన్ నుంచి వచ్చినవాళ్ల పిల్లాడు. క్రికెట్ తప్ప ఇంకోటి మాట్లాడని మా వాట్సాప్ గ్రూపులో కూడా ఆ వీడియో తిరిగింది.

పల్నాటిపులి:
ఆటగాళ్లు ఆడుకోవాలి గానీ పతకాల దగ్గర రాజకీయం దేనికండీ?

కాన్సస్‌అక్క:
నోరెత్తకుండా పరిగెత్తిన నల్లజాతి రన్నర్ జెస్సీ ఓవెన్స్‌కు ఏం ఒరిగింది తమ్ముడూ? 1936 బెర్లిన్‌లో నాలుగు స్వర్ణాలు తెచ్చాడు. న్యూయార్క్ హోటల్లో తన సన్మానానికే సామాన్ల లిఫ్టులో వెళ్లాల్సి వచ్చింది. తర్వాత డబ్బుల కోసం గుర్రాలతో పోటీగా పరిగెత్తాడు.
వీలైతే మా ఊరు రా, నీగ్రో లీగ్స్ మ్యూజియం చూపిస్తాను. మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో నల్లజాతి వాళ్లు ఆడుకున్న బేస్‌బాల్ లీగులవి. లోపల చిన్న మైదానం, దాని మీద కంచు ఆటగాళ్లు. వెళ్లగానే కనిపిస్తారు, కానీ మధ్యలో కోళ్ల గూటికి కొట్టే లాంటి జాలీ. చరిత్రంతా చూసుకుంటూ చుట్టు తిరిగొస్తే గానీ లోపలికి అడుగుపెట్టలేం. క్యాచర్‌గా గొంతుక్కూర్చున్నది జాష్ గిబ్సన్. 1947 జనవరిలో, 35 ఏళ్లకే పోయాడు. మూడు నెలలకు, ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో దిగి నల్లజాతి వాళ్లకు ఆ తలుపు తెరిచాడు. 2024లో ఆ పాత లీగుల లెక్కలు మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక కెరీర్ బ్యాటింగ్ సగటులో గిబ్సనే మొదటివాడు, .372. ఎవరికి చెప్పుకోవాలి?

హ్యూస్టన్‌బావ:
మా వారెన్ మూన్‌దీ అంతే, అమెరికన్ ఫుట్‌బాల్‌లో నల్లజాతి క్వార్టర్‌బ్యాక్. 1978లో కాలేజీల పెద్ద మ్యాచ్ రోజ్ బౌల్ గెలిపించినా, ప్రొఫెషనల్ టీములు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఒక్క టీమూ తీసుకోలేదు. క్వార్టర్‌బ్యాక్ అంటే బుర్ర పెట్టి నడిపించేవాడు, అది నల్లజాతి వాళ్ల వల్ల కాదని అప్పటి నమ్మకం. కెనడా వెళ్లి వరసగా ఐదు కప్పులు కొట్టాకే 1984లో ఇక్కడ చోటిచ్చారు.
బేస్‌బాల్ మాత్రం మళ్లీ వెనక్కి పోతోంది అక్కా. 2022 వరల్డ్ సిరీస్‌లో, అంటే మేజర్ లీగ్ ఫైనల్లో, అమెరికాలో పుట్టిన నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. మావాడి ట్రావెల్ టీమ్‌కి ఫీజులు, హోటళ్లు కలిపి కడుతుంటే ఎందుకో అర్థమైంది. అందులోనూ ఒక్కడూ లేడు.

గుంటూరుమిర్చి:
నార్మన్ సంగతి చదివాక పాత ఫోటో వెతికాను. కాన్వొకేషన్ రోజు ఆ మెట్టెక్కి నేనూ పిడికిలి ఎత్తాను. ఆయన చేతులు కిందే ఉన్నాయి కదా. డీపీ తీసేశాను.