‘అన్‌లిమిటెడ్ డేటా’ని ‘అపరిమిత డేటా’ అనొచ్చా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ల కోసం రీఛార్జ్ ప్యాకుల వివరాలు తెలుగులో రాసి నోటీస్ బోర్డులో పెడుతున్నాను. ‘అన్‌లిమిటెడ్ డేటా’కి ‘అపరిమిత డేటా’ అని, ‘వ్యాలిడిటీ’కి ‘చెల్లుబాటు’ అని రాశాను. ఇంతకన్నా మంచి మాటలుంటే చెప్పండి.

జవాబు: మంచి పని చేస్తున్నారండీ. ‘చెల్లుబాటు’ తప్పు కాదు. కానీ నోటు చెల్లుతుంది, సంతకం చెల్లుతుంది, ప్యాక్‌కి ఉండేది మాత్రం గడువు. ‘గడువు 28 రోజులు’ అని రాస్తే ఇంకెవరూ అర్థం అడగరు. పక్కనే, 28 రోజులంటే నెల కాదని కూడా రాయండి. నెలకోసారి వేయిస్తున్నామనుకుంటాం గానీ, ఏడాదికి 13 సార్లు వేయించాల్సి వస్తుంది. 30 రోజుల గడువుతో ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీకి వేయించుకునేది ఇంకొకటి, కనీసం ఈ రెండు రకాలూ ప్రతి కంపెనీ ఉంచాలని 2022లో టెలికాం కంపెనీల మీద నియంత్రణ ఉండే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. పెద్దవాళ్లకి ఇవి ఉన్నాయనే తెలియదు.

‘అపరిమితం’ మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్‌ని కూడా అన్‌లిమిటెడ్ అనే అమ్ముతారు. ఆ 1.5 జీబీ వాడేశాక నెట్ పూర్తిగా ఆగదు గానీ, వేగం చాలా ప్యాకుల్లో 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అందులో ‘బీ’ అంటే బిట్. ఫొటోల సైజు చెప్పే కేబీ, ఎంబీల్లో ‘బీ’ అంటే బైట్. ఒక బైట్‌కి 8 బిట్లు కాబట్టి, 64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 కేబీలే. మనవరాలు 3 ఎంబీల ఫొటో పంపితే అది దిగడానికి ఆరు నిమిషాలు దాటుతుంది. జనం దాన్ని ‘నెట్ అయిపోయింది’ అంటారు. నా దృష్టిలో ప్రకటన కంటే ఆ మాటే నిజానికి దగ్గర. ఇంగ్లిష్ ప్రకటనలో షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం పెద్ద అక్షరాలు మాత్రమే తెలుగు చేస్తే చదివేవాళ్లకి అన్యాయం చేసినట్టే. ‘రోజుకు 1.5 జీబీ, ఆ తర్వాత బాగా నెమ్మది’ అని రాయండి.

ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కీ ఇదే లెక్క. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు దిగేది 12.5 ఎంబీలు, 100 కాదు. అక్కడ ‘ఎఫ్‌యూపీ’ అని కనిపిస్తే ‘వేగం తగ్గే హద్దు’ అనండి.

ఇంకో సభ్యుడు: అన్నా, షాపువాళ్లతో సహా అందరూ అన్‌లిమిటెడ్ అనే అంటున్నారు. సిమ్, ఓటీపీ లాంటివి మార్చకుండా దీన్నొక్కదాన్నే ఎందుకు మార్చడం?

జవాబు: సిమ్, సిగ్నల్, టవర్, రీఛార్జ్ అలాగే ఉండాలి తమ్ముడూ. అవి జనం మాటలైపోయాయి. ఫోన్‌ని ‘చరవాణి’ అని రాస్తే బోర్డు దగ్గర ఎవరూ ఆగరు. అన్‌లిమిటెడ్‌తో గొడవ అది ఇంగ్లిష్ అయినందుకు కాదు, డేటా విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పనందుకు. ఓటీపీని ఓటీపీ అనే ఉంచి, ‘ఒక్కసారికే పనికొచ్చే రహస్య నంబరు, ఫోన్ చేసి అడిగినవాళ్లకి ఎవరికీ చెప్పకూడదు’ అని కింద రాస్తే చాలు.

‘పోర్ట్’ కూడా అంతే. నంబరు మారకుండా కంపెనీ మారడం అని చెప్పాలి. ఇంగ్లిష్‌లో పోర్ట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, పది అంకెల నంబరు వేసి 1900కి మెసేజ్ పెడితే 8 అక్షరాల కోడ్ వస్తుంది. మారబోయే కంపెనీ వాళ్లకి ఆ కోడ్ ఇవ్వాలి. చాలా రాష్ట్రాల్లో, మన రెండింటితో సహా, ఆ కోడ్ గడువు 4 రోజులే.

నోటీసు తయారయ్యాక ఇక్కడ పెట్టండి. మా వీధి షాపులో కూడా అంటిస్తాను.