డిస్క్ నుంచి బూట్ చేస్తే క్రాష్: ముందు అనుమానించాల్సింది డిస్కునా, ర్యామ్‌నా?

కొత్తమెట్టు:
పాత డెస్క్‌టాప్, 1 జీబీ స్టిక్కులు రెండు, మొత్తం 2 జీబీ ర్యామ్. విండోస్ ఏళ్లుగా నడుస్తోంది. దాన్ని తీసేసి లినక్స్ వేద్దామని ఐఎస్ఓ (డిస్కులో ఉండాల్సినదంతా ఒకే ఫైలుగా) దించుకుని, అదే మెషీన్‌లో డీవీడీ రాశాను. బూట్ మెనూ వస్తోంది. ఎంటర్ కొడితే లోగో కనిపిస్తుంది, కింద చుక్కలు కాసేపు కదులుతాయి, ఆ తర్వాత నల్లటి స్క్రీన్. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ లైటు ఆగకుండా కొట్టుకుంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడమే గతి.

అదే డిస్కు ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ దాకా వెళ్లింది, కాబట్టి డిస్కు మంచిదే. విండోస్ నడుస్తోంది కాబట్టి మెషీనూ మంచిదే. తెలిసినవాళ్లను అడిగితే ఒకరు ర్యామ్ మార్చమంటారు, ఇంకొకరు డిస్కు మళ్లీ రాయమంటారు. ఏది ముందు చూడాలి?

లెక్కసరి:
ముందు డిస్కే. ఇంకా చెప్పాలంటే డిస్కు కన్నా ముందు ఐఎస్ఓ. డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్‌ఏ-256 అని 64 అక్షరాల వరుస ఒకటి ఇస్తారు. ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలులో ఒక్క బైటు మారినా ఇది మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండుతో మీ ఫైలుకు ఆ లెక్క తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అయిదు నిమిషాల పని. అది చేయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

పక్క మెషీన్‌లో నడిచింది కాబట్టి డిస్కు మంచిదే అంటున్నారు, అక్కడే నాకు పేచీ. డెస్క్‌టాప్ దాకా రావడానికి డిస్కులో ఉన్నదంతా చదవనక్కర్లేదు. లైవ్ సిస్టమ్ మొత్తం స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఒకే పెద్ద కుదించిన ఫైలులో ఉంటుంది. అందులో అవసరమైన ముక్కల్నే అప్పటికప్పుడు విప్పుకుంటూ పోతుంది. ల్యాప్‌టాప్ తాకని ముక్కలో తప్పుంటే అక్కడ ఎవరికీ తెలియదు.

రిపేరుబల్ల:
లెక్కసరి గారూ, ఐఎస్ఓ సరిచూడమనడం వరకూ ఒప్పుకుంటాను. కానీ ముందు డిస్కే అనడం ఒప్పుకోను. డిస్కు పాడైతే మౌనంగా ఉండదండీ, అరిచి చెబుతుంది. సీడీలో ఒక్కో సెక్టారుకు 2352 బైట్లు ఉంటే మన డేటా 2048 బైట్లే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం, 276 బైట్లు, తప్పులు దిద్దుకోవడానికే. డీవీడీలో 16 సెక్టార్లను కట్టగా కట్టి 32 కేబీకి కలిపి ఆ ఏర్పాటు చేశారు. గీత పడ్డ చోట డ్రైవు దిద్దగలిగితే దిద్దుతుంది, లేకపోతే చదవలేకపోయానని చెప్పేస్తుంది. తప్పు బైటును మంచి బైటని అందించడం చాలా అరుదు. డ్రైవు గిర్రున తిరిగి, ఆగి, మళ్లీ అందుకునే చప్పుడే చెప్పేస్తుంది. తెరమీద ‘ఎస్ఆర్0’ (లినక్స్ డిస్కు డ్రైవుకు పెట్టే పేరు) పేరుతో ఐ/ఓ ఎర్రర్లు, అంటే చదవలేకపోయాననే ఫిర్యాదులు, వరస కడతాయి.

పాడు ర్యామ్ అలా కాదు. తప్పును ఒప్పులాగే అందిస్తుంది.

కొత్తమెట్టు గారూ, ఒక్కటి చెప్పండి. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కోచోటా? బూట్ మెనూలో ‘ఈ’ నొక్కితే ఆ ఎంట్రీ తెరుచుకుంటుంది. అందులో ‘క్వయట్’, ‘స్ప్లాష్’ అనే రెండు మాటలు చెరిపేసి ఎఫ్10 కొట్టండి. లోగో పోయి అసలు కథ కనిపిస్తుంది. ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి, చివరి రెండు సెకన్లే ముఖ్యం.

నల్లతెర:
నల్ల స్క్రీన్ అంటే నా ఓటు గ్రాఫిక్స్ డ్రైవర్‌కే. అదే ఎడిట్ లైన్‌లో ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి చూడండి. పాత కార్డుల మీద ఇది చాలాసార్లు పనిచేసింది.

రిపేరుబల్ల:
ఉత్త నల్ల స్క్రీనైతే మీరన్నట్టే, తమ్ముడూ. కానీ క్యాప్స్ లాక్ కొట్టుకోవడం కెర్నెల్ ప్యానిక్ గుర్తు, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఇక నడవలేక ఆగిపోవడం. తెర ఒక్కటే పోలేదు, కెర్నెలే చేతులెత్తేసింది. గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల కూడా ప్యానిక్ రావచ్చు కాబట్టి ప్రయత్నిస్తే తప్పులేదు. దాని మీదే రోజంతా పెట్టొద్దు.

పాతపెట్టె:
మీ రెండు పక్షాల్లోనూ చేరని కేసు ఒకటి చెబుతాను. ఎక్స్‌పీ రోజుల్లో ఒక మెషీన్ సెటప్ సీడీ పెట్టగానే నీలం తెర, స్టాప్ 7బీ (బూట్ డిస్కు అందడం లేదని చెప్పే నంబరు). డిస్కు మళ్లీ రాశాను, ర్యామ్ మార్చాను, సీడీ డ్రైవు కూడా మార్చాను. రెండు రోజులు పోయాయి. చివరికి చూస్తే బయోస్‌లో (మెషీన్ ఆన్ కాగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రాం) సాటా, అంటే హార్డ్ డిస్కు తగిలించే పోర్టు, ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో ఉంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ డిస్కులో దానికి డ్రైవర్ లేదు. పాత ఐడీఈ మోడ్‌కి మార్చగానే సెటప్ ముందుకు నడిచింది. ఆ నంబరు మొదటిరోజే తెర మీద ఉంది, నేనే చదవలేదు. అందుకే ర్యామ్, డిస్కు అని పందెం కాసేముందు తెరమీద ఏముందో చదవమంటాను.

కొత్తమెట్టు:
మాటలు చెరిపి మూడుసార్లు బూట్ చేశాను. ఒకసారి ‘స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్’ అని వచ్చి ప్యానిక్. రెండోసారి అసలు అక్కడిదాకా కూడా రాలేదు, మధ్యలోనే ప్యానిక్. మూడోసారి మళ్లీ స్క్వాష్‌ఎఫ్‌ఎస్, కానీ వేరే బ్లాకు నంబరు. ‘నోమోడ్‌సెట్’ పెట్టినా అంతే. ఎస్ఆర్0 ఐ/ఓ ఎర్రర్ ఒక్కటీ లేదు.

లెక్కసరి:
స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్ అంటే విప్పుతున్న ముక్క పాడుగా ఉందని అర్థం. నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే. రిపేరుబల్ల గారి మాటలో ఒక ఖాళీ ఉంది. పాడైన ఐఎస్ఓని డిస్కు మీద నిక్షేపంగా రాస్తే, ఆ దిద్దుబాటు బైట్లన్నీ పాడు డేటాకే సరిపోతాయి. డ్రైవుకి తప్పేమీ కనిపించదు, ఐ/ఓ ఎర్రర్ రాదు. అంటే డిస్కు కూడా మౌనంగా మోసం చేయగలదు.

రిపేరుబల్ల:
ఆ మాట నిజం, ఒప్పుకుంటున్నాను. కానీ డిస్కులో తప్పుంటే అది ఒక్కచోటే కూర్చుని ఉంటుంది. ప్రతిసారీ అదే బ్లాకు దగ్గర తగలాలి. ఇక్కడ నంబరు మారుతోంది, ఒకసారి అక్కడిదాకా కూడా రాలేదు. మారే తప్పు ర్యామ్‌దో పవర్ సప్లైదో అయ్యుండాలి.

కొత్తమెట్టు గారూ, ఇది విండోస్‌లోనే చేయొచ్చు. ఐఎస్ఓకి ఎస్‌హెచ్‌ఏ-256 తీయండి, రాసుకోండి. మెషీన్ రీస్టార్ట్ చేసి మళ్లీ తీయండి. రీస్టార్ట్ మాత్రం తప్పనిసరి. లేకపోతే మొదటిసారి చదివి ర్యామ్‌లో దాచుకున్న కాపీనే మళ్లీ లెక్కపెట్టి అదే జవాబు ఇవ్వచ్చు. రెండు జవాబులూ వేరైతే ఇక ఆ ఫైలు గురించి మాట్లాడుకోనక్కర్లేదు.

ఇంకొకటి, విండోస్ నడుస్తోంది అన్నారు. జిప్ ఫైళ్లు తెరుచుకోకపోవడం, బ్రౌజర్ ట్యాబులు ఉన్నట్టుండి పడిపోవడం లాంటివి ఏమైనా ఉన్నాయా?

కొత్తమెట్టు:
ఉన్నాయి. రెండు జిప్పులు ఎన్నాళ్లుగానో తెరుచుకోవడం లేదు, డౌన్‌లోడ్ తేడా అనుకున్నాను. ట్యాబులు పడిపోవడం మామూలే, పాత మెషీన్ కదా అని వదిలేశాను.

లెక్క తీశాను. మొదటిసారి వచ్చింది పేజీలోదానితో కలవలేదు. రీస్టార్ట్ తర్వాత వచ్చింది పేజీలోదానితోనూ కలవలేదు, మొదటిదానితోనూ కలవలేదు. ఒకే ఫైలుకి రెండు జవాబులు. ఇప్పుడు నిజంగా టెన్షన్‌గా ఉంది, ఆ మెషీన్‌లో ఇంటిల్లిపాది ఫోటోలున్నాయి.

రిపేరుబల్ల:
అయితే ఇప్పుడే ఆపండి, దయచేసి. ఆ మెషీన్‌లో ఇంకేమీ కాపీ చేయొద్దు, ఇన్‌స్టాల్ అసలే వద్దు. పాడు ర్యామ్ మీదుగా వెళ్లిన కాపీని నమ్మలేం. హార్డ్ డిస్కు ఊడదీసి, వేరే మెషీన్‌కు తగిలించి, ఫోటోలు అక్కడ బ్యాకప్ తీయండి. ఆ తర్వాతే పరీక్షలు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ని ఇంకో కంప్యూటర్‌లో రాసి బూట్ చేయండి. 2022లో వచ్చిన 6.00 నుంచి అది కొత్త యూఈఎఫ్ఐ మెషీన్లలోనూ పాత బయోస్‌లోనూ నడుస్తుంది. రెండు స్టిక్కులూ కలిపి కాదు, ఒక్కొక్కటే ఉంచి నడపండి. ఎర్రర్ ఒక్కటి వచ్చినా ఆ స్టిక్కు పనికిరాదు.

లెక్కసరి:
దాంతోపాటు ఆ డీవీడీని కూడా తేల్చండి. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో దానితోనే బూట్ అయి, టెర్మినల్‌లో డీడీ అనే కాపీ కమాండుతో డిస్కును చదివించి లెక్క తీయండి. ఐఎస్ఓ సైజును 2048తో భాగించి, అన్ని సెక్టార్లే చదవమని చెప్పాలి. 734003200 బైట్ల ఫైలైతే 358400 సెక్టార్లు. హద్దు పెట్టకపోతే డిస్కు చివర అదనంగా పడిన సున్నాలు కూడా లెక్కలోకి వచ్చి, మంచి డిస్కు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

కొత్తమెట్టు:
రెండు రోజులు పట్టింది. ఫోటోలు వేరే మెషీన్ మీద బ్యాకప్ అయ్యాయి, కొన్ని తెరిచి చూశాను, బాగున్నాయి. మొదటి స్టిక్కు రాత్రంతా నడిచింది, ఒక్క ఎర్రరూ లేదు. రెండోది పెట్టిన కాసేపటికే తెరమీద ఎర్ర గీతలు. తీసి పక్కన పెట్టాను. డీవీడీ లెక్క కూడా ల్యాప్‌టాప్‌లో తీశాను, అదీ పేజీలోదానితో కలవలేదు. అంటే డిస్కు కూడా పాడే.

లెక్కసరి:
చూశారా, డిస్కు పాడే.

రిపేరుబల్ల:
దాన్ని రాసింది ఆ ర్యామ్ ఉన్న మెషీనే కదండీ. మళ్లీ అక్కడే పది డిస్కులు రాసినా పదీ అలాగే వచ్చేవి. ముందు ర్యామ్ అని నేను అన్నది అందుకే.

లెక్కసరి:
కానీ దాన్ని పట్టిచ్చింది లెక్కే. మెమ్‌టెస్ట్ కోసం రాత్రంతా కాయకముందే, రెండుసార్లు తీసిన లెక్క దొంగను చూపించింది. నా వరస మారదు.

కొత్తమెట్టు:
ఐఎస్ఓ ల్యాప్‌టాప్‌లో మళ్లీ దించాను, లెక్క కలిసింది. డీవీడీ అక్కడే రాశాను. 1 జీబీతోనే బూట్ అయింది, మెల్లగానే అయినా డెస్క్‌టాప్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేముందు విండోస్‌లోకి ఒకసారి వెళ్లి ఆ రెండు జిప్పులూ నొక్కి చూశాను. ఒకటి తెరుచుకుంది. రెండోది ఇప్పటికీ తెరుచుకోవడం లేదు.