ఎనిమిదిన్నర సెంటీమీటర్ల నాలుక: పూవు సాగదీసిందా, ముందే సాగిందా?

పుప్పొడి:
ఎక్వడార్‌లో ఆండీస్ మబ్బు అడవుల్లో ఉండే అనౌరా ఫిస్టులాటా గబ్బిలం గురించి ఈ చర్చ. 2005లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. కింది పెదవి ముందుకు పొడుచుకొచ్చి గొట్టంలా చుట్టుకుని ఉంటుంది, ఆ పేరు అందుకే (ఫిస్టులా అంటే లాటిన్‌లో గొట్టం). ఒళ్లు ఆరు సెంటీమీటర్లు కూడా ఉండదు గానీ నాలుక 8.5 సెం.మీ. దాకా చాపుతుంది. అదే అడవిలో తిరిగే అనౌరా కాడిఫర్, అనౌరా జెఫ్రాయి 4 సెం.మీ. దగ్గర్లోనే ఆగిపోతాయి. ఇక అక్కడి సెంట్రోపోగాన్ నిగ్రికాన్స్ అనే మొక్క పూగొట్టం లోతు 8–9 సెం.మీ. ఈ గబ్బిలంపై పనిచేసే శాస్త్రవేత్త నేథన్ ముచ్ఛాలా 2006లో చూపించిందేమిటంటే, రాత్రిళ్లు వీడియో తీస్తే ఆ పూలకు వచ్చింది ఈ గబ్బిలం ఒక్కటే, ఆ పుప్పొడి దొరికిందీ దీని ఒంటి మీదే. ఒరకు తగ్గ కత్తి. ఇంత సరిగ్గా కుదిరాయంటే రెండూ పోటీపడి పెరిగాయనే అంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కొలబద్ద:
కుదరడం వేరు, ఒకదానివల్ల ఇంకోటి పెరగడం వేరు అండీ. డార్విన్ 1862లో మడగాస్కర్ ఆర్కిడ్‌ను చూసి, అంత పొడవు తుండమున్న చిమ్మట ఉండి తీరాలన్నాడు. 1903లో దానికి పేరు కూడా పెట్టారు. పోటీ వాదానికి అందరూ చూపే ఉదాహరణ అదే. కానీ వాసర్తాల్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని తిరగేశాడు: పూలలో పొంచి ఉండే సాలీళ్లకు అందకుండా ఎగురుతూ తాగడానికి తుండం ముందే పొడవైంది, పూలు తర్వాత దానికి తగ్గట్టు సాగాయి అని. గబ్బిలాల్లోనూ ఒక ఇబ్బంది ఉంది. మెక్సికో పసిఫిక్ తీరపు మ్యూసోనిక్టెరిస్ హారిసోనీకి ముట్టె, నాలుక రెండూ విపరీతమైన పొడవు. అయినా అది తాగే పూలు పొట్టి నాలుక గబ్బిలాలు కూడా తాగేవే. దానికంటూ ప్రత్యేకమైన ఒర ఏదీ?

ఇంకొకటి, ఆ 8.5 ఎలా వచ్చిందో కూడా చూడాలి. సన్నని స్ట్రాలో చక్కెర నీళ్లు పోసి గబ్బిలానికి అలవాటు చేస్తారు. తాగేకొద్దీ మట్టం దిగుతుంది. ఇక అందని చోట గుర్తు పెట్టి, స్ట్రా అంచు నుంచి అక్కడిదాకా కొలుస్తారు. స్ట్రా కాస్త వెడల్పైతే మూతి లోపలికి దూరి ముట్టె కూడా నాలుక లెక్కలో పడుతుంది. కడుపు నిండిన గబ్బిలం సగంలో మానేస్తే లెక్క తగ్గుతుంది. ఆల్కహాల్‌లో నిలవ ఉంచిన నమూనా నోరు తెరిచి కొలవడం దండగ, ముడుచుకున్న నాలుక ఎంత సాగుతుందో అది చెప్పదు.

రాత్రిరెక్క:
కొలతలో తప్పు మిల్లీమీటర్లలో ఉంటుంది, కొలబద్ద గారూ. 4కీ 8.5కీ ఉన్న తేడాను అది మింగేయలేదు.

అసలు ప్రశ్నను రెండుగా విడదీస్తే సగానికి జవాబు దొరికింది. ఈ పూవుకు మొదట మగ దశ: పరాగకోశాలు ఒక గొట్టంగా అతుక్కుని పుప్పొడి వదులుతాయి. తర్వాత అందులోంచి కీలాగ్రం (పుప్పొడి అందుకునే భాగం) బయటికొచ్చి ఆడ దశ మొదలవుతుంది. రెండూ ఉండేది పూనోటి పైభాగంలో, గబ్బిలం తల తగిలే చోట. తేనె అడుగున ఉంటుంది. గొట్టం పొట్టిదైతే గబ్బిలం తల ఆనించకుండానే తాగి పోతుంది. లోతైతే తల గట్టిగా నొక్కక తప్పదు. ముచ్ఛాలా, జేమ్స్ థామ్సన్ 2009లో పంజరంలో గొట్టాల పొడవు మార్చి చూస్తే అదే తేలింది: పొడుగు గొట్టం మగ దశలో ఎక్కువ పుప్పొడి ఇచ్చింది, ఆడ దశలో ఎక్కువ పుచ్చుకుంది. అంటే పూవును సాగదీసే ఒత్తిడి ఉంది. నాలుకను సాగదీసింది పూవేనని మాత్రం ఆ ప్రయోగం చెప్పదు.

పుప్పొడి:
ఒప్పుకుంటాను, కానీ శరీరం లోపల ఏం జరిగిందో చూడండి. మామూలు తేనె గబ్బిలానికి నాలుక మొదలు నోటి వెనక భాగంలోనే ఉంటుంది, కాబట్టి నాలుక పెరగాలంటే దవడా పెరగాలి. మ్యూసోనిక్టెరిస్ పట్టిన దారి అదే. ఫిస్టులాటా దవడను వదిలేసి, నాలుకను ఒక తొడుగులో పెట్టి మెడ గుండా రొమ్ములోకి దింపేసింది. మొదలు గుండెకీ రొమ్ము ఎముకకీ మధ్య ఉంటుంది. మన అడవుల్లోని అలుగుకీ నాలుక మొదలు రొమ్ములోనే, చీమల పుట్టల కోసం. ఏదో కొద్దిపాటి సౌకర్యం కోసమైతే శరీరం ఇంత మార్పు తెచ్చుకుంటుందా?

చెట్టునీడ:
చిన్న సవరణ. పొడవు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది, నాలుక తేనెను పైకెలా తెస్తుందనేదీ ముఖ్యమే. గ్లాసోఫాగా సోరిసినా అనే తేనె గబ్బిలం నాలుక కొనకు వెంట్రుకల్లాంటి మొనలుంటాయి. చాపినప్పుడు వాటిలోకి రక్తం తోసుకొచ్చి అవి నిక్కబొడుచుకుంటాయి, తడిబట్టలా తేనెను పట్టి తెస్తాయి. అందుకే నాలుక మాటిమాటికీ లోపలికీ బయటికీ ఆడాలి. లాన్‌కోఫిల్లా రోబస్టా అనే మరో తేనె గబ్బిలానికి మొనలు లేవు, నాలుక పక్కల గాడులున్నాయి. నాలుక తేనెలోనే ఉంచితే ఆ గాడుల వెంట ద్రవం పైకి ఎక్కుతుంది, 2015లో వీడియోతో చూపించారు. పొడవాటి నాలుకను ప్రతిసారీ పూర్తిగా లాక్కోవాలంటే సమయం, శక్తి ఖర్చు. ఫిస్టులాటా ఎనిమిది సెంటీమీటర్ల లోతు నుంచి ఒక్కో నాకుడికి ఎంత తెస్తుందో కొలవకుండా లాభనష్టాలు తేల్చలేం.

కొలబద్ద:
ఆ కొలత నాకూ కావాలి. అలుగు పోలిక బాగుంది గానీ అది నా వైపే మొగ్గుతుంది: అలుగు నాలుకకు తగ్గట్టు చీమల పుట్ట లోతు పెంచుకోలేదు కదా.

పుప్పొడి గారి మొదటి వాదనలో నాకు దొరికిన లొసుగు విస్తీర్ణం దగ్గర ఉంది. గబ్బిలం ఆండీస్ రెండు వాలుల్లోనూ, కొలంబియాలోనూ దొరికింది. సెంట్రోపోగాన్ నిగ్రికాన్స్ అంత విస్తారంగా లేదు. ఆ పూవు లేని చోట పట్టిన ఫిస్టులాటాలకు అదే స్ట్రాతో, అంతే వెడల్పు గొట్టంతో నాలుక కొలవాలి. అక్కడ పొట్టిగా వస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను. ఎనిమిదికి పైనే వస్తే, ఆ చోట దాని ఒంటి మీద ఏ పూల పుప్పొడి ఉందో మీరు చూపించాలి.

పుప్పొడి:
సరే. పుప్పొడి తీసేటప్పుడు తల, భుజాలు విడివిడిగా అద్దండి, ఒకే గాజుపలక మీద వేయకండి. తల ముందుభాగంలో దొరికితే ఒక రకం పూవు, భుజం మీద దొరికితే ఇంకో రకం. ఆ తేడా పోతే మళ్లీ ఇక్కడికే వస్తాం.