సగం రింగులు, సగం తీగలు: స్మూతనింగ్ మానేశాక ఈ రెండు రకాల జుట్టును ఎలా నెట్టుకురావాలి?

గోదావరి గట్టు (ప్రశ్న)

ప్రస్తుతం నా తల మీద ఇద్దరు మనుషుల జుట్టు ఉంది. చెవుల దాకా నాది, అక్కడి నుంచి వీపు మధ్య దాకా పార్లర్‌ది.

పుట్టుకతో నాది రింగుల జుట్టు. మా నాన్నమ్మ పోలిక. బడికి వెళ్ళే రోజుల్లో అమ్మ అరచేతి నిండా కొబ్బరి నూనె పోసి, చిక్కులు లాగి, రెండు జడలు మడిచి రిబ్బన్లతో బిగించేది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి నుదుటి మీద పిల్ల వెంట్రుకలన్నీ లేచి నిలబడేవి. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో మొదటిసారి స్మూతనింగ్ చేయించుకున్నాను, అంటే పార్లర్‌లో మందు పెట్టించి రింగులు సాపు చేయించుకోవడం. అక్కడి నుంచి ఏడేళ్ళు, మొదళ్ళు మెలి తిరగడం మొదలైన ప్రతిసారీ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. చివరిసారి మందు నెత్తికి తగిలి రెండు చోట్ల బొబ్బలెక్కింది. "మీ చర్మం బాగా సున్నితమండీ" అని నామీదికే నెట్టారు. డబ్బు కట్టి తిట్టు తిని వచ్చినట్టయింది. మళ్ళీ వెళ్ళలేదు.

అది జరిగి 14 నెలలు. మొన్న ఆదివారం కుట్టుమిషను టేపుతో కొలుచుకున్నాను. చెవి పక్కన కొత్త జుట్టు, లాగి పట్టుకుంటే 16 సెంటీమీటర్లు, వదిలేస్తే 9. మెడ వెనక ఉన్నది స్ప్రింగులా గట్టిగా చుట్టుకుంటోంది. నడినెత్తిన ఉన్నది నొక్కులు మాత్రమే. నుదుటి దగ్గర, ఏళ్ళ తరబడి ఇస్త్రీపెట్టె తిన్నచోట, ఏమీ తేల్చుకోలేక అటూ ఇటూ పడి ఉంటోంది. అంటే రెండు రకాలు కూడా కాదు, లెక్క పెడితే నాలుగు.

దువ్వెనలో మిగిలిన వెంట్రుక ఒకటి తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. సగం పాత ల్యాండ్‌లైన్ ఫోను తీగలా ఉంది, సగం గాలపు దారంలా ఉంది. రెండూ కలిసే చోట సన్నబడి ఉంది. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగితే సరిగ్గా అక్కడే తెగింది. ఇంకో నాలుగు వెంట్రుకలతో చూశాను, మూడు అక్కడే తెగాయి.

నేనుండేది హైదరాబాద్‌లో, మియాపూర్ వైపు. అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్ళు, బకెట్టు అంచున తెల్లటి చారలు కట్టే రకం. తలస్నానం చేస్తే పైజుట్టు ఉబ్బుతుంది, కిందిది వేలాడుతుంది. వీడియో కాల్‌లో చూసి అమ్మ "గొడుగుకి కర్టెన్ కట్టినట్టుంది" అంది. తప్పు అనలేను.

మాఘమాసంలో రాజమండ్రిలో అన్నయ్య పెళ్ళి. ఆడపడుచును కాబట్టి ప్రతి ఫోటోలోనూ ఉంటాను. "ఈ ఒక్కసారికీ మళ్ళీ సాపు చేయించుకో, తర్వాత నీ ఇష్టం" అని అమ్మ, పిన్ని, ఇంకా పెళ్ళికూతురు కూడా. నా ప్రశ్నలు: కింది భాగం మళ్ళీ రింగులు తిరిగే అవకాశం ఏమైనా ఉందా? మొత్తం కత్తిరించకుండా రెండూ ఒకేలా కనిపించేట్టు చేయవచ్చా? ఆ అతుకు దగ్గర తెగడం ఎలా ఆపాలి?

పార్లరమ్మ, విజయవాడ

అమ్మా, పందొమ్మిదేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి ఉన్నమాట చెబుతాను. కింది భాగం తిరిగి రాదు. ఏ నూనె రాసినా, ఏ ప్యాక్ వేసినా రాదు. స్మూతనింగ్, రీబాండింగ్ మందుల్లో సాధారణంగా ఉండేది అమోనియం థయోగ్లైకోలేట్. వెంట్రుకకు ఆ మెలి నిలబెట్టే గంధకపు బంధాలను అది తెంచేస్తుంది. మెత్తబడిన వెంట్రుకను మేం ఇస్త్రీ పెట్టి సాపు చేస్తాం. తర్వాత రాసే రెండో మందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. అది ఆ బంధాలను సాపుగా ఉన్న తీరులోనే మళ్ళీ కట్టేస్తుంది. బయటికొచ్చిన వెంట్రుక ప్రాణమున్నది కాదు, తనంతట తాను బాగుపడటానికి. పెరిగి, కొసన తెగి పోవలసిందే. కెరాటిన్ ట్రీట్‌మెంట్ వేరు. అది ఎక్కువగా పైపూతలాంటిది, తలస్నానాలతో కొన్ని నెలల్లో దిగిపోతుంది. నువ్వు చెప్పిన ఏడేళ్ళ లెక్క చూస్తే నీది కెరాటిన్ కాదు.

"ఈ ఒక్కసారికీ" అనే మాట వినకు. ఇప్పుడు మందు పెడితే మొదళ్ళకే పెట్టాలి. ఎంత చేయి తిరిగిన మనిషి పెట్టినా పాత జుట్టు మీదికి ఒక వేలెడు జారుతుంది. నువ్వు కాగితం మీద తెంచి చూసిన చోటే అది రెండోసారి ఉడుకుతుంది. పెళ్ళినాటికి జడ ఉంటుంది, పెళ్ళయిన నెలకు దువ్వెనలో ఉంటుంది. ఇలాంటివి నా కుర్చీలోనే చూశాను.

ఇంకో మాట. రింగుల జుట్టు పిల్ల లోపలికి అడుగు పెట్టగానే "బాగా డ్రైగా ఉందమ్మా, పాడైపోయింది" అనమని మాకు శిక్షణలోనే నేర్పేవారు. నేనూ చాలామందితో అన్నాను. పాడవలేదు, దాని తీరే అంత. ఇప్పుడు అనడం మానేశాను. మా అమ్మాయిది కూడా రింగుల జుట్టే, అది తర్వాత తెలిసొచ్చిన సంగతి.

కత్తిరింపు సంగతి. ఒక్కసారిగా వద్దనుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి మూడు సెంటీమీటర్లు తీయించు. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి పెరిగినదానికంటే ఎక్కువ తీసినప్పుడే సాపుభాగం తగ్గుతూ వస్తుంది. జుట్టు పొడిగా, రింగులు తిరిగి ఉన్నప్పుడే కత్తిరించమను. తడిపి కొలిస్తే అంతా ఒకే పొడవులా ఉంటుంది, ఆరాక మెడ దగ్గరిది పైకి ఎగురుతుంది, నడినెత్తిది కిందే ఉంటుంది, అప్పుడు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. "తడపకుండా కత్తిరిస్తారా" అని ముందే అడుగు. నవ్వితే లేచి వచ్చేయ్.

పెళ్ళికి పూలజడ కావాలంటే సవరం కడతారు. పూలు కుట్టాక ఆ బరువంతా నీ అతుకు మీద వేలాడుతుంది, పైగా నున్నగా రావాలని కణతల దగ్గర లాగి బిగిస్తారు. నన్నడిగితే వదులుగా కొప్పు వేసుకుని చుట్టూ మల్లెదండ తిప్పు. కొప్పులోకి వెళ్ళాక ఏది రింగో, ఏది తీగో పెళ్ళికొచ్చినవాళ్ళకు తెలియదు.

డాలస్ నుంచి గుంటూరు ఆడపడుచు

చెల్లీ, మీరు అడిగినది ఇక్కడి నల్లజాతి స్త్రీలకు కొట్టినపిండి. నాకు నేర్పింది మా ఆఫీసులో పక్క సీటావిడ. జుట్టు సాపు చేయడానికి వాళ్ళు వాడే మందు, రిలాక్సర్, మనదానికంటే ఘాటు, చాలావాటిలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్. ఆవిడ ఏడో ఏట నుంచి నలభై దాటేదాకా వాడింది. జుట్టు తీరును బట్టి ఉద్యోగంలోనూ బడిలోనూ వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది, మా టెక్సాస్‌లో అలాంటిది 2023 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. మనకు అమ్మ, పిన్ని సరిపోతారు గానీ, వాళ్ళకు చట్టందాకా వెళ్ళవలసి వచ్చింది. 2022లో ఇక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33 వేలమందికి పైగా స్త్రీల వివరాలు చూసి, ఏడాదిలో నాలుగు కంటే ఎక్కువసార్లు జుట్టు సాపు చేసే మందులు వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని ప్రచురించారు. కారణం మందేనని అది తేల్చదు. అయినా ఆవిడ ఆ వార్త చదివిన వారమే మానేసింది.

ఇక పద్ధతి. సూత్రం ఒక్కటే: సాపు భాగం రింగు కాలేదు గానీ, ఒక రోజుకో రెండు రోజులకో రింగు వేషం వేయగలదు. తలస్నానం అయ్యాక నీళ్ళు కారుతుండగానే కండిషనర్ రాసి, వేళ్ళతో కొసల నుంచి పైకి చిక్కు తీయండి. అతుకు దగ్గరికి వచ్చినప్పుడు దాని పైభాగాన్ని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, కిందిది మాత్రం పెద్ద పళ్ళ దువ్వెనతో దువ్వండి. అప్పుడు లాగుడు అతుకు మీద పడదు. కడిగేశాక తలను పది పన్నెండు పాయలుగా విడదీయండి. ఒక్కో పాయకు కొంచెం జెల్ రాసి, రెండుగా చీల్చి, తాడు పేనినట్టు ఒకదాని మీద ఒకటి మెలివేసుకుంటూ వెళ్ళండి. కొస ఊరికే వదిలితే కర్రలా నిలబడుతుంది. ఇక్కడ స్పాంజిలాంటి మెత్తటి కడ్డీలకు చుడతారు. మీకవేం అక్కర్లేదు. పాత నూలు చీర వేలెడు వెడల్పున పేలికలు చించి, కొసను దానికి చుట్టి ముడివేయండి. పూర్తిగా ఆరాకే విప్పాలి. పూర్తిగా అంటే పూర్తిగా.

మీ నాలుగు రకాల సమస్యకు కూడా ఇందులోనే మందుంది. మెడ వెనక గట్టి రింగులున్నచోట పాయలు లావుగా తీసుకోండి, నుదుటి దగ్గర సన్నగా తీసుకోండి. పాయ ఎంత సన్నమైతే మెలి అంత గట్టిగా వస్తుంది, రెండూ మధ్యలో కలుస్తాయి.

ఒక జాగ్రత్త. ఆవిడ వాడే షియా బటర్ చూసి నేనూ రాసుకున్నాను. నా జుట్టు రెండు రోజులు బజ్జీల మూకుడులో ముంచినట్టుంది. మన వెంట్రుక తీరు వేరు, అంత బరువు మోయదు. ఇంకొకటి, అమెరికా నుంచి ఎవరైనా రిలాక్సర్ డబ్బా తెచ్చి ఇస్తే ముట్టుకోకండి. స్మూతనింగ్ మందు (థయో) పెట్టిన జుట్టు మీద హైడ్రాక్సైడ్ పెడితే చేతికి ఊడొస్తుంది.

బాబాయ్ 1962

ఇన్ని మందులు, మెలికలు ఎందుకమ్మా? కుంకుడు రసం, కొబ్బరి నూనె. మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ మోకాళ్ళ దాకా జుట్టు.

గోదావరి గట్టు

బాబాయ్ గారూ, కుంకుడుకాయ మూడు వారాలు వాడాను. నూనె బాగా వదులుతుంది, దాంతోపాటు జారుడూ వదులుతుంది. అతుకు దగ్గర వేళ్ళు ఇరుక్కుపోయాయి. కొబ్బరి నూనె మాట మాత్రం ఒప్పుకుంటాను. తలస్నానానికి ముందు రాత్రి రాస్తే తెగడం కొంచెం తగ్గింది. మోకాళ్ళ దాకా జుట్టున్నవారికి చిక్కులు ఎవరు తీసేవారో కూడా చెప్పండి.

గుండు చేయించుకున్నదాన్ని

ఇది చదువుతూ నవ్వుకున్నాను. నాదీ ఇదే బాధ, రీబాండింగ్ ఐదుసార్లు. 2022లో బాబు ఆపరేషను గట్టెక్కితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. తిరుమల కల్యాణకట్టలో కూర్చున్నాను, ఐదు నిమిషాల్లో అతుకు సమస్య తీరింది. మా అత్తగారు "ఆడవాళ్ళకు మూడు కత్తెరలు ఇస్తే చాలు కదా" అని మెట్ల దాకా వెంటపడ్డారు. మొదటి మూడు నెలలు చున్నీ కప్పుకున్నాను, తర్వాత ఎండలకు అదీ తీసేశాను. పెరుగుతున్నప్పుడు తెలిసింది, నాకు నొక్కులు కాదు, అచ్చమైన రింగులని. అయితే జుట్టు కోసం మాత్రమే గుండు చేయించుకోమని ఎవరికీ చెప్పను. అన్నయ్య పెళ్ళికి నెల ముందు అసలే వద్దు.

గోదావరి గట్టు (మూడు వారాల తర్వాత)

అందరికీ ఒకేచోట చెబుతున్నాను.

మొదటిసారి పదకొండు మెలికలు వేశాను. పొద్దున ఆఫీసుకు ఆలస్యమవుతోందని తడిగా ఉండగానే విప్పాను. మెట్రో అమీర్‌పేట చేరేసరికి పైన రింగులు, కింద తాళ్ళు. "పూర్తిగా అంటే పూర్తిగా" అని అక్క రెండుసార్లు ఎందుకు రాశారో అర్థమైంది. రెండోసారి శనివారం మధ్యాహ్నం వేసి ఆదివారం ఉదయం విప్పాను. పేలికల కోసం అమ్మ పాత వెంకటగిరి చీర చించాను, ఆమెకు ఇంకా చెప్పలేదు. ఈసారి ఎక్కడ అతుకో వెతికితే గానీ తెలియలేదు. మంగళవారం దాకా నిలిచింది.

జెల్ ఇంట్లోనే చేసుకున్నాను. రెండు చెంచాల అవిసె గింజలు ఒకటిన్నర గ్లాసు నీళ్ళలో మరిగించి, కోడిగుడ్డు తెల్లసొనలా సాగడం మొదలవగానే, వేడి మీదే పలచని గుడ్డలో వడకట్టాలి. చల్లారాక వడకట్టాలని చూస్తే గుడ్డను పిండి పిండి చేతులు పడిపోతాయి, అదీ చేసి చూశాను. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. చిక్కు తీయడానికి కండిషనర్‌తో పాటు మందారాకు రుబ్బి ఆ జిగురు కలిపాను, దువ్వెన జారిపోయింది. ఆఖరి రెండు చెంబులు మాత్రం బోరు నీళ్ళు కాకుండా మంజీరా కుళాయి నీళ్ళు పోసుకుంటున్నాను. తువ్వాలుతో రుద్దడం మానేసి పాత కాటన్ టీషర్టుతో అద్దుతున్నాను.

కత్తిరింపు: మూడు పార్లర్లలో "తడపకుండా కత్తిరిస్తారా" అని అడిగాను. రెండు చోట్ల నవ్వారు, లేచి వచ్చేశాను. మూడోచోట ఒక మణిపురి అమ్మాయి ఏమీ అనకుండా, ఒక్కో రింగును పట్టుకుని చూసి, కొసలు తీసింది. గంటన్నర పట్టింది. 14 సెంటీమీటర్లు పోయాయి. జుట్టు ఇప్పుడు భుజాల దగ్గర ఆగింది, కింద ఇంకా ఒక బెత్తెడు సాపుభాగం మిగిలే ఉంది. అది పెళ్ళి తర్వాత చూద్దాం.

పార్లరమ్మ గారూ, కొప్పే ఖాయం చేశాను. అమ్మ అప్పటికే కోటగుమ్మం దగ్గర సవరం కొనేసింది. తిరిగి ఇచ్చేయమన్నాను. తీసుకోరట. తనే పెట్టుకుంటానంటోంది.