నాన్నకి పార్కిన్సన్స్, రీసెర్చ్ కోసం మా ఇంటిల్లిపాది బ్లడ్ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

మౌలాలి_అబ్బాయి:

అందరికీ నమస్తే. మాది మౌలాలి. నాన్నకి పార్కిన్సన్స్ అండి, 38 ఏళ్లప్పుడే ఎడమ కాలి వేళ్లు ముడుచుకుపోవడంతో మొదలైంది, అప్పుడు నరాల బలహీనత అనుకుని ఏవేవో ఇంజెక్షన్లు వేయించాం, తర్వాత చెయ్యి వణకడం మొదలయ్యాక న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. ఇప్పుడు యాభై దాటాయి, సిండోపా టాబ్లెట్ వేసుకుంటే బానే నడుస్తారు, టైం దాటితే మంచం మీంచి లేవలేరు.

మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టర్ గారు, చిన్న వయసులో వచ్చినవాళ్ల మీద ఒక జెనెటిక్ స్టడీ నడుస్తోంది, మీరు ఇష్టమైతే చేరండి అన్నారు. నాన్నదే కాదు, నానమ్మది, బాబాయిది, నాది, చెల్లిది కూడా బ్లడ్ కావాలంట. ఒక ఫారం ఇచ్చారు, తెలుగులోనే ఉంది కానీ చదివితే ఇంకా భయమేసింది, అందులో జీన్లు, ఎలుకలు, మందుల పరీక్షలు అన్నీ ఉన్నాయి. అమ్మ అయితే రక్తం తీసుకుపోయి ఏం చేస్తారో, చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, ఈ టైంలో ఇవన్నీ ఎందుకు అంటోంది. 

నానమ్మ తాతయ్యలది మేనరికం, సొంత మేనమామే. అమ్మది మాత్రం బయటి సంబంధం. నాకు తెలియాల్సింది ఏంటంటే మాకూ వస్తుందా, రిజల్ట్ మాకు చెప్తారా, అసలు ఈ శాంపిల్‌తో నాన్నకి ఏమైనా మేలు ఉందా. ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.


పిప్పెట్_పట్టిన_చెయ్యి:

నేను హబ్సిగూడ దగ్గర ఒక ల్యాబ్‌లో న్యూరోజెనెటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నానండి. మీరు రాసిన రెండు విషయాలు, 40 లోపే రావడం, నాన్నగారి తల్లిదండ్రులు మేనమామ మేనకోడలు కావడం, ఈ రెండూ కలిసినప్పుడు మాలాంటి వాళ్లు ముందు చూసేది పార్కిన్ అనే జీన్. 1998లో జపాన్ కుటుంబాల్లో దొరికింది. చిన్న వయసులో వచ్చే పార్కిన్సన్స్‌లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, కాలి వేళ్లు మెలితిరిగినట్టు అవ్వడంతో మొదలవ్వడం కూడా వీళ్లలో మామూలే. అలాగని మీ నాన్నగారిది అదే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, పింక్1, డీజే1 అని ఇంకా ఉన్నాయి, ఏ జీన్‌లోనూ ఏమీ దొరకని పేషెంట్లూ చాలామందే ఉన్నారు.

ఈ జీన్ పని ఏంటంటే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పాడైపోతే వాటికి గుర్తు వేసి తీసేయించడం, పింక్1 కూడా ఇదే పనిలో తోడు. అది జరక్కపోతే మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట కదలికలకి కావాల్సిన డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు మెల్లమెల్లగా పోతాయి. వణుకు బయటపడేసరికే అక్కడ చాలా కణాలు పోయి ఉంటాయి, అందుకే ఈ జబ్బు దొరికేసరికి ఎప్పుడూ ఆలస్యమే.

మీకు వస్తుందా అన్నదానికి. పార్కిన్ రిసెసివ్, అంటే తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ రెండూ చెడితేనే జబ్బు. మేనమామ మేనకోడలి పిల్లల్లో సగటున జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, ఎనిమిదో వంతు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి అయ్యుంటాయి, కాబట్టి నాన్నగారికి ఆ అవకాశం ఎక్కువైంది. మీ అమ్మగారిది బయటి సంబంధం కాబట్టి మీకూ చెల్లికీ నాన్నగారి నుంచి ఒక చెడ్డ కాపీ తప్పకుండా వచ్చినా, అమ్మగారి వైపు నుంచి బాగున్న కాపీ వచ్చే అవకాశమే చాలా చాలా ఎక్కువ. మీరు క్యారియర్లు, అంటే జబ్బు లేకుండా చెడ్డ కాపీ మోసేవాళ్లు, అవుతారు అంతే. ఇదంతా అది పార్కినే అయితే. ఒకవేళ ఎల్‌ఆర్‌ఆర్‌కే2 లాంటి డామినెంట్ జీన్ అయితే లెక్క వేరు, అందులో ఒక్క కాపీ చాలు, కానీ ఆ జీన్‌లో జీ2019ఎస్ అనే బాగా పేరున్న మార్పు మన ఇండియన్ పేషెంట్లలో చాలా అరుదు.

నానమ్మగారిది, బాబాయిగారిది ఎందుకు అడిగారంటే, నాన్నగారిలో రెండు మార్పులు కనిపిస్తే అవి ఒకే కాపీ మీద ఉన్నాయా, చెరో కాపీ మీద ఉన్నాయా తేలాలి, అది ఇంట్లో వాళ్ల డీఎన్‌ఏ పక్కన పెడితేనే తెలుస్తుంది. బాబాయిగారికి జబ్బు లేదు కాబట్టి ఆయన శాంపిల్ ఇంకా విలువైనది. తీసేది ఊదా మూత ట్యూబ్‌లో రెండు చెంచాలంత రక్తం. ఎర్రకణాల్లో డీఎన్‌ఏ ఉండే న్యూక్లియస్ ఉండదు, తెల్లకణాల నుంచి డీఎన్‌ఏ తీస్తాం, ట్యూబ్ మీద పేరు ఉండదు, కోడ్ ఉంటుంది.

ఒక టెక్నికల్ మాట, ఇది తప్పకుండా అడగండి. పార్కిన్ చాలా పొడుగు జీన్, దాదాపు 14 లక్షల అక్షరాలు, అందులో చాలామందికి ఒక అక్షరం మారడం కాదు, ఎక్సాన్‌కి ఎక్సానే, అంటే ప్రోటీన్ తయారీకి కావాల్సిన ఒక ముక్కే, ఎగిరిపోతుంది. డీఎన్‌ఏ అక్షరాలు చదివే మామూలు సీక్వెన్సింగ్‌లో రెండో కాపీ బాగుంటే ఆ ఖాళీ కనిపించకుండా పోవచ్చు, ఎంఎల్‌పీఏ అనే ఇంకో టెస్ట్ కావాలి. ఎక్సోమ్ (ఎక్సాన్లన్నీ చదివే టెస్ట్) నార్మల్ వచ్చింది అని చెప్పి వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఇక మన శాంపిల్స్ ఎందుకు అంటే, పార్కిన్సన్స్ జీన్ల మీద జరిగిన పెద్ద స్టడీలన్నీ ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల మీదే. మన దగ్గర కులాల్లోనే పెళ్లిళ్లు వందల ఏళ్లుగా జరగడం వల్ల ఒక్కో గ్రూప్‌లో ఒక్కో మార్పు పేరుకుంది. మన వైశ్యుల్లో బ్యూటిరైల్ కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, వాళ్లకి ఆపరేషన్‌లో కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తే చాలాసేపటిదాకా కండరాలు కదలవు, ఊపిరి కూడా మిషన్ మీదే. ఆ సంగతి తెలిస్తే ఎనస్తీషియా డాక్టర్ ముందే మందు మార్చేస్తారు. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ తంగరాజ్ గారు, హార్వర్డ్ వాళ్లు కలిసి 2017లో ఇలాంటి గ్రూపులు దక్షిణాసియాలో చాలా ఉన్నాయని చూపించారు. ఎవరో ఒకరు రక్తం ఇస్తేనే కదండీ ఇవి తెలిసింది.


జీడిమెట్ల_కెమిస్ట్:

మేడమ్ జీన్ల గురించి చక్కగా చెప్పారు, నేను మందు వైపు నుంచి చెప్తాను, చాలా ఏళ్లు బల్క్ డ్రగ్స్‌లో పనిచేశాను బాబూ, మా పెద్దన్నయ్యకి కూడా ఇదే జబ్బు.

నాన్నగారు వేసుకునే టాబ్లెట్‌లో అసలు మందు లెవోడోపా. డోపమైన్‌నే నేరుగా ఇస్తే అది రక్తం నుంచి మెదడులోకి దాటలేదు, లెవోడోపా దాటుతుంది, లోపలికెళ్లి డోపమైన్ అవుతుంది. తోడుగా ఉండే కార్బిడోపా మెదడులోకి పోదు, బయట ఒంట్లోనే లెవోడోపా ఖర్చయిపోకుండా, వాంతులు రాకుండా కాపాడుతుంది. లెవోడోపా మెదడులోకి వెళ్లే దారి, మనం తినే ప్రోటీన్ నుంచి వచ్చే ఎమైనో ఆసిడ్లు వెళ్లే దారి ఒకటే, అందుకే పప్పు, గుడ్డు, మాంసం తిన్న వెంటనే వేసుకుంటే మందు పనిచేయనట్టు ఉంటుంది. భోజనానికి అరగంట ముందు వేయించండి, డాక్టర్ వేరేలా చెప్పి ఉంటే మాత్రం అదే పాటించండి.

ఈ మందు చరిత్రలో మన మొక్కలు రెండున్నాయి, చాలామందికి తెలీదు. 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే ఆయన కుందేళ్లకి రెసర్పిన్ ఇచ్చి కదలకుండా చేసి, డోపా ఎక్కించగానే అవి మళ్లీ లేచి తిరగడం చూపించాడు, ఆ రెసర్పిన్ మన సర్పగంధిలోది. ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది. రెండోది దూలగొండి, చేలల్లో ఒంటికి తగిలితే దురదతో చంపుతుందే, అదే. దాని గింజల్లో లెవోడోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి విడదీసి చూపించారు. ఇది విని దూలగొండి పొడి కొనుక్కొచ్చి టాబ్లెట్ మీద కలిపి వేయకండి బాబూ, దండం పెడతాను, పొడిలో ఎంత మందు ఉందో ప్యాకెట్ ప్యాకెట్‌కి మారుతుంది, డోస్ ఎక్కువై చేతులు కాళ్లు వాటంతటవే మెలికలు తిరుగుతాయి, మా అన్నయ్యకి అదే జరిగింది.

డోపా ఫ్యాక్టరీలో మామూలుగా తయారుచేస్తే రెండు రూపాలు సగం సగం వస్తాయి, అద్దంలో చూసినట్టు ఎదురుబొదురు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్టు ఒంటికి ఒక రూపమే పడుతుంది, రెండోది మందుగా పనికిరాకపోగా మొదట్లో కలిపి ఇచ్చినప్పుడు ఇబ్బందులు తెచ్చింది. కావాల్సిన రూపాన్నే తయారుచేయించే క్యాటలిస్ట్‌ని (రసాయన చర్యని నడిపించే పదార్థాన్ని) అమెరికాలో నోల్స్ కనిపెట్టాడు, మోన్‌శాంటో కంపెనీలో, దానికి 2001లో నోబెల్. పొడి చేత్తో పట్టుకుంటే తెల్లగా మామూలుగానే ఉంటుంది కానీ దాని వెనక ఇంత పని ఉంది.

కెమిస్ట్రీ నుంచే ఈ జబ్బు గురించి ఇంకో పెద్ద సంగతి తెలిసింది. 1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకున్న కొందరు కుర్రాళ్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయారు, అచ్చం ముదిరిన పార్కిన్సన్స్ లాగే. లాంగ్‌స్టన్ అనే డాక్టర్ వెంటపడి చూస్తే అందులో ఎంపీటీపీ అనే మలినం. అది మెదడులో మారి, డోపమైన్ కణాల్లోకే దూరి మైటోకాండ్రియాని ఆపేస్తుంది. మేడమ్ చెప్పిన పార్కిన్ జీన్ కూడా చివరికి మైటోకాండ్రియా దగ్గరికే వచ్చింది చూడండి, విషం నుంచి వెతికినా, జీన్ నుంచి వెతికినా అక్కడికే చేరారు. మందు కనిపెట్టేవాళ్లు ఇప్పుడు ఆ చోటు మీదే పడ్డారు.


కరీంనగర్_పశువుల_డాక్టర్:

తమ్మీ ఎలకల ముచ్చట అడిగినవ్ గదా, గది నేను చెప్త. నేను వెటర్నరీ, ముందు బర్రెలు గొర్రెలు చూసెటోన్ని, ఇప్పుడు సిటీల ఒక యానిమల్ హౌస్‌ల, అంటే ల్యాబ్ ఎలకలను పెంచే కాడ, చేస్తున్న.

మనిషి బతికుండంగ మెదడు కోసి చూడలేం, అందుకని మీ నాన్నల దొరికిన మార్పునే ఎలకల పెట్టి చూస్తరు. ఆడ ఎలకలకు పీఎంఎస్‌జీ అని హార్మోన్ ఇస్తరు, రెండు రోజులకు హెచ్‌సీజీ ఇచ్చి మగదాంతోని ఇడుస్తరు, అప్పుడు మామూలు కన్నా గుడ్లు మస్తుగ వస్తయి. తెల్లారి ఆ ఒక్క కణం ఉన్న పిండాలు తీసి జీన్‌ను కోసి మార్చే క్రిస్పర్ ఎక్కిస్తరు. వాటిని ఇంకో ఆడదాని కడుపుల పెట్టాలె, కానీ దానికి గర్భం ఉన్నట్టు అనిపియ్యాలె, అందుకని వేసెక్టమీ చేసిన మగదాంతోని కలుపుతరు. ఇరవై రోజులకు అటీటు పిల్లలు. మూడు వారాలకు తల్లి నుంచి ఇడదీసేటప్పుడు చెవి నుంచి ఇంత ముక్క తీసి పీసీఆర్ చేస్తే మార్పు వచ్చిందా లేదా తెలుస్తది. అయినా అయిపోలే, మొదటి పిల్లల్ల కొన్ని కణాలల్ల ఉంటది కొన్నిట్ల ఉండది, మళ్ల మామూలు వాటితోని కట్టిచ్చి, వాటి పిల్లలను వాటితోనే కట్టిస్తే అప్పుడు నాలుగిట్ల ఒకదానికి రెండు కాపీలు పోయినయి వస్తయి. బర్రె ఈనాలంటే పది నెలలు, గందుకే ఎలకల మీద చేస్తరు. పనికొచ్చే జాతి దొరికితే పిండాలను లిక్విడ్ నైట్రోజన్‌ల మైనస్ 196 డిగ్రీల కాడ దాచిపెడ్తరు.

ఇదే ఇద్య మన అత్తాపూర్‌ల లాకోన్స్ అనే ల్యాబ్‌ల అడవి జంతువులను కాపాడనీకి వాడుతున్నరు, 2006ల కృత్రిమ గర్భధారణతోని స్పాటీ అనే చుక్కల జింక పుట్టింది, తర్వాత ఏడాది కృష్ణజింక పిల్ల, బ్లాకీ. నేను చదువుకునేటప్పుడు ఆ వార్త చూసి మస్తు ఖుష్ అయిన.

కానీ ఒక నిజం చెప్పాలె. పార్కిన్ తీసేసిన ఎలకలకు మనిషికి వచ్చినట్టు జబ్బు రాదు, మెదడుల కణాలు దాదాపు మంచిగనే ఉంటయి. ఎలక బతికేదే రెండేండ్లు. 2015ల మైటోకాండ్రియా డీఎన్ఏల తప్పులు ఎక్కువ పడే ఇంకో జాతి ఎలకతోని కట్టిస్తే అప్పుడు కణాలు చచ్చుడు కనిపించింది. ఎలకల పనిచేసిన మందు మనిషిల ఫెయిల్ అయ్యుడు ఈ జబ్బుల కొత్త కాదు. అందుకే మీ నాన్న లెక్క నిజంగ జబ్బున్న మనిషి శాంపిల్‌కు అంత కదర్ ఉన్నది. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుంట ఒక్క ఎలకని గూడ ముట్టనీయరు, అమ్మకు గది గూడ చెప్పు.


మౌలాలి_అబ్బాయి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, నాన్నకి చదివి వినిపించాను, దూలగొండి దగ్గర నవ్వారు, ఇస్తాను అంటున్నారు. అమ్మ మాత్రం చెల్లి బ్లడ్ వద్దు అంటోంది, రిజల్ట్ బయటికి పొక్కితే సంబంధాలు చెడతాయని. చెల్లి ఇవ్వకపోతే స్టడీలో నాన్నని తీసుకోరా?


నాగోల్_అక్క:

తమ్ముడూ, మా అమ్మకి ఇదే జబ్బు, మేమూ ఇలాంటి స్టడీలో ఉన్నాం. చెల్లిని బలవంతపెట్టొద్దు. తన రక్తం తన ఇష్టం, అమ్మ ఇష్టం కూడా కాదు, చెల్లినే అడుగు. నాన్నగారితో నానమ్మ, బాబాయి వస్తే వాళ్లకి చాలావరకు సరిపోతుంది.

సంతకం పెట్టేముందు మేము అడిగినవి చెప్తా. రిజల్ట్ మాకు చెప్తారా, చెప్తే ఎవరు కూర్చోబెట్టి చెప్తారు, తెలుసుకోవద్దు అనుకుంటే ఆ హక్కు ఉందా. శాంపిల్ వేరే స్టడీలకి వాడతారా, వేరే దేశం పంపిస్తారా. మధ్యలో వద్దనుకుంటే తీసేస్తారా, దానివల్ల ఆస్పత్రిలో ట్రీట్‌మెంట్ ఏమైనా తేడా వస్తుందా. తేడా రాకూడదు, వైద్య పరిశోధనకి రూల్స్ పెట్టే ఐసీఎంఆర్ రూల్స్‌లోనే ఉంది. డబ్బులు అడిగితే మాత్రం ఆగు, రీసెర్చ్ కోసం చేసే టెస్టుకి పేషెంట్ కట్టక్కర్లేదు. మాకు వాళ్లు ఓపిగ్గా చెప్పారు, చెప్పే ఓపిక లేని చోట సంతకం పెట్టకు.

అమ్మ భయం కూడా చిన్నది కాదు, పెళ్లిచూపుల్లో ఇలాంటి మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. కానీ నాన్నగారి జబ్బు ఇప్పటికే బంధువులందరికీ తెలుసు కదా, తెలియనిది ఏంటంటే అది పిల్లలకి ఎంతవరకు వస్తుంది అన్నది. పైన మేడమ్ చెప్పినట్టు అది పార్కిన్ అని తేలితే రేపు ఎవరైనా అడిగినప్పుడు చెల్లి ధైర్యంగా జవాబు చెప్పగలదు.


పిప్పెట్_పట్టిన_చెయ్యి:

అక్క చెప్పింది కరెక్ట్, చెల్లి లేకపోయినా నాన్నగారిని తీసుకుంటారు. రెండు మాటలు కలుపుతాను. ఒకటి, రీసెర్చ్ ల్యాబ్‌లో దొరికింది ఆస్పత్రి రిపోర్ట్ కాదు, ఏదైనా తేలితే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కొత్త శాంపిల్‌తో ఇంకోసారి చూపించి, జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడాకే దాని మీద ఏ నిర్ణయమైనా. ఏడాది పైనే పట్టొచ్చు, మధ్యలో ఫోన్ రాకపోతే మర్చిపోయారు అనుకోకండి, మీరే చేసి అడగండి. రెండు, ఫారంలో రక్తకణాల నుంచి స్టెమ్ సెల్స్ తయారుచేస్తాం అన్న లైన్ ఉండొచ్చు, దానికి విడిగా టిక్ పెట్టమంటారు. అంటే ఆ కణాలని వెనక్కి తిప్పి, వేరే ఏ కణంగానైనా మారగలిగేలా చేసి, డిష్‌లో నాన్నగారి జీన్లతోనే డోపమైన్ న్యూరాన్లు పెంచి వాటి మీద మందులు పరీక్షిస్తారు, ఎలుకలో కనిపించనిది అక్కడ కనిపించొచ్చు. నాన్నగారు దానికి ఒప్పుకోవచ్చు, అది వద్దని మిగతాదానికే ఒప్పుకోవచ్చు.

నాన్నగారికి వెంటనే మేలు ఉందా అని అడిగారు కదా, నిజం చెప్పాలంటే మందు మారదు, ఇప్పటికి అదే సిండోపా. కానీ పార్కిన్ అని తేలితే ఇది నెమ్మదిగా ముదిరే రకం, తక్కువ డోస్‌కే బాగా పనిచేసే రకం, ఒళ్లు మెలికలు తిరగడం మాత్రం త్వరగా రావొచ్చు అని డాక్టర్‌కి ముందే తెలుస్తుంది, డోస్ పెంచేటప్పుడు ఆ జాగ్రత్త పడతారు.

బ్లడ్ ఇచ్చే రోజు పరగడుపున వెళ్లక్కర్లేదు, టాబ్లెట్ టైం తప్పించొద్దు, పాత ప్రిస్క్రిప్షన్లు, మొదట్లో కాలు గురించి చూపించుకున్న కాగితాలు దొరికితే అవీ పట్టుకెళ్లండి. నానమ్మగారు రాలేకపోతే ఇంటికొచ్చి తీసుకుంటారేమో అడగండి, చాలా టీములు వస్తాయి.